కాళ్లు అందవు బేటీ

మా ఖాందాన్‌లో ఐదడుగుల నాలుగంగుళాలు దాటినోళ్లు లేరు. మగాళ్ల సంగతే చెప్తున్నా. ఆడవాళ్లు ఇంకో రెండంగుళాలు తక్కువ. షాదీ ఫొటోల్లో మా వరసంతా కత్తెరేసి సమంగా కోసిన చేమంతి మొక్కల్లా ఉంటాం. మా అమ్మీ దీన్ని ఏనాడూ తక్లీఫ్ అనుకోలేదు. ‘ఖద్ అల్లా ఇచ్చేది, హిమ్మత్ మనం సంపాయించుకునేది’ అనేది. తెలుగులో అయితే పొట్టోడికి పుట్టెడు బుద్ధులు అంటారు. ఆ బుద్ధుల్లో ఒకటి మా మామూకి బాగా ఉండేది. తనకన్నా పెద్ద వస్తువుని తనకు సరిపోయేలా చేసుకోవడం.

మామూ 1993లో బుల్లెట్ కొన్నాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. నెల్లూరు జిల్లా సముద్రపొడ్డంతా రొయ్యల గుంటలు తవ్వుతున్న రోజులవి. వరి మళ్లు, సవుడు నేలలు, ఎవరికీ పట్టని బీళ్లు అన్నీ గుంటలైపోయాయి. మైపాడు దారిలో, ఇందుకూరుపేట పక్కన, ఇస్కపల్లి దగ్గర ఎక్కడ చూసినా ఏరేటర్ల చప్పుడే. టైగర్ రొయ్య బంగారం అన్నారు. మామూ ఇద్దరితో షిరాకత్‌లో మూడెకరాల గుంటలు తీసుకున్నాడు. మొదటి పంట చేతికొచ్చింది. ఆ పైసలతో ఇల్లు కట్టలేదు, నగలు చేయించలేదు. నల్ల బుల్లెట్ కొని ఇంటి ముందు ఆపాడు. వీధిలో పిల్లలమంతా చుట్టూ మూగాం.

బుల్లెట్ మనకేమీ పరాయి బండి కాదు. ఇంగ్లండులో పుట్టినా 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు ఆ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాక మద్రాసు ఉత్తరాన తిరువొత్తియూరులో తయారైంది. నెల్లూరు నుంచి చూస్తే మూడున్నర గంటల దూరం. కానీ ఆ బండిని మొదట అడిగింది ఫౌజు వాళ్లు, తర్వాత పోలీసోళ్లు. అంటే ఆరడుగుల జవాన్లు. ఐదడుగుల రెండంగుళాల మా మామూని తలుచుకుని ఎవరూ గద్దీ కుట్టలేదు.

మొదటి రోజు మామూ ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ల బొటనవేళ్లు మాత్రమే నేలని తాకాయి. బండి నూట అరవై కిలోల పైమాటే. ఎవరో నవ్వారు. మామూ కూడా నవ్వాడు. మర్నాడు సీటు కుట్టే కారీగర్ దగ్గరికి తీసుకెళ్లి, సాయంత్రానికి తెచ్చేశాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు నడిపాడు. గుంటలకి, కసుమూరు దర్గాకి, ఎ.ఎస్.పేటకి. రెండుసార్లు ముమానీని వెనక కూర్చోబెట్టుకుని నాగూరు కూడా వెళ్లొచ్చాడు. ఐదొందల కిలోమీటర్లకి కాస్త తక్కువ. ‘నువ్వు పొట్టి, నీకెందుకీ బండి’ అని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

1994లో వైట్ స్పాట్ వచ్చింది. రొయ్య పెంకు మీద తెల్లచుక్కలు కనిపించిన నాలుగైదు రోజులకే గుంట గుంటంతా తేలిపోయేది. కోస్తా పొడుగునా ఎన్ని ఇళ్లు కూలాయో చెప్పలేం. మామూ షిరాకత్ పోయింది, ముమానీ నగలు పోయాయి, బాకీలు మిగిలాయి. బుల్లెట్‌ని మాత్రం అమ్మలేదు. 2011లో ఆయన ఇంతెఖాల్ అయ్యాక అది వరండాలో టార్పాలిన్ కింద నిలబడిపోయింది. మధ్యలో ఆయన కొడుకు కొన్నాళ్లు తోలాడు. ఎలకలు కొట్టేసిన పాత గద్దీ తీసేసి ఎత్తుగా కొత్తది వేయించాడు. తర్వాత ఆయనా ఖతర్ వెళ్లిపోయాడు.

ఇప్పుడు దాన్ని అడిగింది మామూ మనవరాలు. అంటే మా ఆపా కూతురు. ఇరవై నాలుగేళ్లు. మైక్రోబయాలజీ చదివి నెల్లూరులో రొయ్యల ల్యాబులో పని చేస్తుంది. రైతులు తెచ్చిన పిల్లల్లో, గుంట నీళ్లలో వైట్ స్పాట్ ఉందో లేదో చూసి చెప్పడం ఆ పిల్ల పని. తాతని ముంచిన జబ్బుని మనవరాలు ట్యూబులో పెట్టి పట్టుకుంటుంది. ఇలాంటివి చూసినప్పుడే అల్లా హిసాబ్ మనకి అందదనిపిస్తుంది.

ఐదేళ్లుగా స్కూటీ నడుపుతోంది. గేర్ల బండి లైసెన్సు కూడా తీసుకుంది. కిందటేడు బక్రీద్ మూడో రోజు అందరం ముమానీ ఇంట్లో ఉన్నాం. బిర్యానీ అయింది, సేమ్యా అయింది. అప్పుడడిగింది. ‘నానీ, నానా బుల్లెట్ బాగుచేయించుకుంటా. నాగూరు వెళ్లొస్తా.’

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి.

‘కాళ్లు అందవు బేటీ.’

‘బహుత్ భారీ గాడీ హై. పడితే ఎత్తేదెవరు?’

‘నీ ఖద్ ఎంత, ఆ బండి ఎత్తెంత? నక్కో బేటీ, నక్కో.’

దుల్హాభాయ్ ఏమీ అనలేదు. సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. ఆయన పొడుగు మనిషి, వేరే ఖాందాన్. ముమానీ తమలపాకుకి సున్నం రాస్తూ వింటోంది. పిల్ల నా వైపు చూసింది. ‘మామూ, మీరైనా చెప్పండి’ అని ఆ చూపు.

నేను పత్రికలోడిని. జవాబు కన్నా ముందు కొలత కావాలి నాకు. టేపు తెమ్మన్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. బండికి మనిషి ఎత్తుతో పని లేదు. కావాల్సింది లోపలి కాలు కొలత, తొడల మొదలు నుంచి మడమ దాకా. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఈ కొలత రెండంగుళాలు తేడా ఉండొచ్చు. ఒకరికి నడుము పొడుగు, ఒకరికి కాళ్లు పొడుగు. ఆపా పిల్లని లోపలి గదిలోకి తీసుకెళ్లి, గోడకి నిలబెట్టి, చెప్పులు లేకుండా కొలిచి వచ్చింది. ఇరవై ఏడున్నర అంగుళాలు.

ముమానీ లేచి లోపలికెళ్లింది. ఇనప్పెట్టె తెరిచిన చప్పుడైంది. మామూ పాత పాంటు ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నాఫ్తలిన్ వాసన. ఏమీ మాట్లాడలేదు. నేను లోపలి కుట్టు మీద టేపు పెట్టాను.

ఇరవై ఏడు.

పిల్ల కాలు తాత కాలు కన్నా అర అంగుళం పొడుగు. ఆ గదిలో ఇంకెవరూ కాళ్ల గురించి మాట్లాడలేదు.

సరే, ఇప్పుడు పని సంగతి. మన ఇళ్లల్లో పొట్టి పిల్లలు, మగపిల్లలు కూడా, పెద్ద బండి మీద దూరం పోవాలని ఆశపడి నోరు మూసుకుని ఉంటారు. వాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు గద్దీ. మామూకి సీటు కోసిన కారీగర్ ఇప్పుడు లేడు. కొడుకు అదే దుకాణం నడుపుతున్నాడు. బండి చూడగానే ‘ఇది మా అబ్బా కోసిన బండి’ అన్నాడు. కొత్త గద్దీతో నేల నుంచి ఎత్తు ముప్పై ఒక్క అంగుళాలు వచ్చింది. అందరూ ఎత్తు తగ్గించమంటారు, ఆయన ముందు వెడల్పు తగ్గించాడు. గద్దీ ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కకి విరుచుకుంటాయి, కాలు వంకరగా దిగి పొడుగంతా వృథా అవుతుంది. తొడలు ఆనేచోట రెండు పక్కలా ముప్పావు అంగుళం కోసి నున్నగా చేస్తే కాలు నిటారుగా దిగుతుంది. ఆ తర్వాతే పైన ఒక అంగుళం తీశాడు. మెత్తటి స్పాంజి తీసినచోట గట్టి స్పాంజి వేశాడు. లేకపోతే వంద కిలోమీటర్లకే కింద రేకు తగిలి నడుము పోతుంది. రెక్సిన్ కింద ప్లాస్టిక్ షీటు, వాన నీళ్లు స్పాంజి తాగకుండా. మొత్తం పద్దెనిమిది వందలు.

తర్వాత వెనక షాక్ అబ్జార్బర్లు. వాటికి అడుగున తిప్పే రింగు ఉంటుంది. లావు మనిషికి, జోడీ సవారీకి గట్టి చేస్తారు. మా పిల్ల నలభై తొమ్మిది కిలోలు. రింగుని బాగా మెత్తన చేస్తే కూర్చోగానే బండి ఇంకాస్త దిగుతుంది. పైసా ఖర్చు లేదు. ఆ పైన మందం అట్ట ఉన్న బూట్లు, ముప్పావు అంగుళం. లేసులు లోపలికి దోపుకోవాలి. గేరు రాడ్‌కి లేసు చిక్కుకుంటే ఆగినప్పుడు కాలు రాదు.

కొందరు మెకానిక్కులు పొట్టి షాకులు వేసి బండినే కిందకి దించేస్తామంటారు. వెనక ఒక్కటే దించితే ముందు చక్రం పైకి లేచినట్టయి హ్యాండిల్ మొద్దుబారుతుంది, హెడ్‌లైట్ ఎదుటివాడి కళ్లలో పడుతుంది, సైడ్ స్టాండ్ పొడుగైపోయి బండి నిటారుగా నిలబడి రెండోవైపు వాలిపోతుంది. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకి అడుగు గీసుకుంటుంది. ముందూ వెనకా సమానంగా దించి, స్టాండు కూడా కోసి అతికించగలిగిన ఉస్తాద్ దొరికితే సరే. లేకపోతే గద్దీతోనే ఆగాలి.

కొత్త బండి కొనేవాళ్లు కేవలం గద్దీ ఎత్తు చూసి మోసపోకండి. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లోనే చూడండి. కొత్త హిమాలయన్ 450 గద్దీ 825 మిల్లీమీటర్లు. మీటియర్ 350ది 765. సూపర్ మీటియర్ 650ది ఇంకా తక్కువ, 740. కానీ ఆ బండి 241 కిలోలు. కాలు అందుతుంది, బరువు అందదు. దుకాణంలో కూర్చుని చూసి సరిపోదు. ఇంజను ఆపి, బండిని వెనక్కి నాలుగడుగులు నెట్టి చూడాలి. పొట్టివాళ్లకి అసలు ఇంతెహాన్ పార్కింగ్‌లోనే.

ఎందుకంటే నడిచే బండికి కాళ్లతో పని లేదు. స్పెయిన్ నుంచి వచ్చిన దానీ పెద్రోసా మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు. ఆయన ఖద్ ఐదడుగుల మూడంగుళాలు, మా ఇంట్లో పుట్టాల్సిన మనిషి. బండి వేగం మీద ఉంటే చక్రాలే దాన్ని నిలబెడతాయి. ఆగే క్షణం, కదిలే క్షణం, ఈ రెండే మనవి. ఆ రెండు క్షణాలకీ రెండు పాదాలూ అక్కర్లేదు. ఒక్కటి గట్టిగా ఆనితే చాలు. ఆగబోయే ముందు పిరుదుని గద్దీ మీద ఒక పక్కకి జరపాలి, ఆ పక్క కాలు పూర్తిగా దించాలి, రెండో కాలు బ్రేకు మీదే ఉంచాలి. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు నొక్కకూడదు. ఆగి ఉన్న బళ్లు చాలావరకు అలాగే పడతాయి.

పాత బుల్లెట్‌లో ఒక తమాషా ఉంది. దానికి గేరు కుడికాలుకి, వెనక బ్రేకు ఎడమకాలుకి. ఇప్పటి బళ్లకి తిరగేసి. అందరూ దాన్ని ఇబ్బంది అంటారు. కానీ మనం రోడ్డుకి ఎడమ పక్క నడుపుతాం. వాన నీళ్లు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటుంది. ఎడమ అంచున ఆగినప్పుడు మన కుడి పక్క నేల ఎత్తు, ఎడమ పక్క పల్లం. బ్రేకు ఎడమకాలు పట్టుకుంటే దించేది కుడికాలు, అంటే ఎత్తుగా ఉన్న వైపు. పొట్టివాడికి రోడ్డే అర అంగుళం సాయం చేస్తుంది. మామూకి ఈ సంగతి తెలుసో తెలియదో. కొత్త బండి అయితే ఎడమకాలే దించాలి కాబట్టి అంచుకి మరీ పోకుండా, చదునుగా ఉన్నచోట చూసి ఆగాలి.

కిక్ కొట్టడానికి కూడా ఖద్‌తో పని లేదు. సెంటర్ స్టాండ్ మీదే ఉంచి, కిక్ రాడ్‌ని గట్టిపడేదాకా నెమ్మదిగా నొక్కి, డీకంప్రెసర్ పట్టుకుని, అమీటర్ ముల్లు మధ్యకి వచ్చేలా చూసుకుని, కాస్త దాటించి వదిలి, అప్పుడు ఒక్క కిక్. బలంతో కొట్టేవాడి పిక్క వాస్తుంది, ముల్లు చూసి కొట్టేవాడి బండి లేస్తుంది. ల్యాబులో పని చేసే పిల్లకి ముల్లు చూడటం ఎవరు నేర్పాలి?

ఊరి బయట ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్ ఒకటి ఉంది. ఫజర్ నమాజ్ అయ్యాక నేనూ పిల్లా అక్కడికెళ్లేవాళ్లం. ఇరవై రోజులు. బురఖా ఇంట్లో వదిలి, మోకాళ్ల దాకా కుర్తా, మందం పాంటు, తలకి బిగించి కట్టిన స్కార్ఫు మీద హెల్మెట్. వేలాడే గుడ్డ ఏదైనా చక్రాల దగ్గర ప్రాణాంతకం. వెనక కూర్చునే మన ఆడవాళ్ల దుపట్టాలు, బురఖా అంచులు ఎన్ని చక్రాల్లో చిక్కుకున్నాయో వార్తలు రాసినవాణ్ని నాకు తెలుసు. మూడో రోజు ఇసకలో కాలు జారి బండి పడింది. ఎత్తేదెవరు అన్నారు కదా. ఇంజను ఆపి, గేరులో ఉంచి, బండికి వీపు తిప్పి, గద్దీ అంచుకి పిరుదులు ఆనించి, ఒక చెయ్యి హ్యాండిల్‌కి, ఇంకోటి వెనక కడ్డీకి పట్టి, నడుము వంచకుండా కాళ్లతో వెనక్కి చిన్న చిన్న అడుగులేస్తూ లేపాలి. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. రెండోసారికి లేపింది. చెంపల మీద చెమట, ఇసక. ‘చూశారా మామూ’ అంది.

చూశాను. దుల్హాభాయ్‌కి కూడా చెప్పాను. అప్పుడు బయటికొచ్చింది అసలు మాట.

‘కాళ్లు అందాయి సరే. లోగ్ క్యా కహేంగే?’

ఆయన చెడ్డ మనిషి కాదు. కూతుర్ని ఎమ్మెస్సీ చదివించాడు. రాత్రి తొమ్మిదికి ల్యాబు నుంచి రాకపోతే వీధి చివర నిలబడతాడు. హైవే మీద లారీలు, తాగుబోతులు, ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసే కుర్రాళ్లు, వీటన్నిటి ఫికర్ ఆయనకి ఉంది. అది నిజమైన ఫికర్, దానికి జవాబులు ఉన్నాయి. పగలే ప్రయాణం, ఆగే ఊళ్లు ముందే ఖరారు, ఇంకో బండి మీద తోడు. కానీ ఖద్ అనే బహానా వెనక దాక్కున్నంత కాలం ఆ ఫికర్‌కి జవాబు చెప్పే మౌకా ఎవరికీ దొరకలేదు. మామూ పొట్టివాడైతే గద్దీ కోశాం. పిల్ల పొట్టిదైతే పిల్ల ఆశని కోయబోయాం.

ఆయన దీన్ మాట కూడా ఎత్తారు. నేను ఆలింని కాను. మదర్సాలో కాదు, ఉర్దూ మీడియం బళ్లో చదివినవాణ్ని. అయినా బుఖారీలో ఉన్న హదీసు ఒకటి ఆయనకి గుర్తుచేశాను. ఒంటెల మీద సవారీ చేసే స్త్రీలలో ఖురైష్ స్త్రీలు మేలైనవారని, పిల్లల మీద మమత ఉన్నవాళ్లని రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం మెచ్చుకున్నారని. ఒంటె ఎత్తు బుల్లెట్‌కి రెండింతలు. తేడా ఒక్కటే, ఎక్కేవాళ్ల కోసం ఒంటె మోకాళ్లు వంచి కూర్చుంటుంది. 2021లో హార్లే డేవిడ్‌సన్ వాళ్లు పాన్ అమెరికా అనే పెద్ద బండి తెచ్చారు. ఆగబోతుంటే దానంతటదే కిందికి దిగి, కదలగానే మళ్లీ లేచే ఏర్పాటు అందులో ఉంది. ఒంటెకి అల్లా ఎప్పుడో నేర్పిన అదబ్‌ని ఇంజనీర్లు ఇప్పుడు నేర్చుకుంటున్నారు అన్నాను. దుల్హాభాయ్ నవ్వు ఆపుకోలేకపోయారు.

2018లో హైదరాబాద్ నుంచి జైభారతి, ఆమెతో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు డామినార్ బళ్ల మీద మయన్మార్, థాయ్‌లాండ్ దాటి మెకాంగ్ నది దేశాలు చుట్టి వచ్చారు. పదిహేడు వేల కిలోమీటర్లు. అదే ఏడు జూన్‌లో సౌదీలో ఆడవాళ్ల డ్రైవింగ్‌కి ఇజాజత్ వచ్చింది, అందులో మోటార్ సైకిళ్లూ ఉన్నాయి. సౌదీలో అయింది, హైదరాబాద్‌లో అయింది. మన నెల్లూరు మొహల్లాలో ఎందుకు కాకూడదో దుల్హాభాయ్ చెప్పలేకపోయారు. ఒప్పుకున్నానని కూడా అనలేదు. రెండు వారాల తర్వాత మాత్రం ఆయనే వెళ్లి మంచి హెల్మెట్ కొనుక్కొచ్చారు. మన ఇళ్లల్లో అబ్బాలు హా చెప్పేది ఇలాగే.

మొదట కసుమూరు దాకా వెళ్లొచ్చింది. తర్వాత మైపాడు, ల్యాబు పని మీదే, నమూనాల డబ్బా పక్క సంచిలో. బరువు ఎప్పుడూ పక్క సంచుల్లో కిందకి ఉండాలి. వెనక సీటు మీద ఎత్తుగా కడితే ఆగినప్పుడు బండి అటో ఇటో లాగేస్తుంది, పొట్టి కాళ్లు దాన్ని పట్టలేవు. సముద్రం దగ్గరపడ్డాక పక్కగాలి, రోడ్డు మీద ఇసక, రొయ్యల లారీలు కార్చిన నీళ్లు. అక్కడ ఆగేటప్పుడు ముందు కాలితో నేలని గీకి చూసి, తర్వాతే బరువు దించాలని తనే కనిపెట్టింది. నేను చెప్పింది కాదు.

నాగూరు ప్రయాణం వానలు తగ్గాక, జనవరిలో. తోడుగా ల్యాబులో పని చేసే జంట ఒకటి వస్తోంది. ముమానీ వెనక కూర్చుంటానంది. వెనక మనిషి ఉంటే ఆగినప్పుడు బరువు మారుతుంది, ఇంకో ఆర్నెల్లు ఆగాలి నానీ అని పిల్లే చెప్పింది. ముమానీ అలిగింది. తర్వాత చాదర్ కోసం మూడొందలు మనవరాలి చేతిలో పెట్టి, మామూ పేరున కూడా దువా చెయ్యమంది.

ఈ టపా చదివే అబ్బాలకి, భాయీలకి ఒకటే గుజారిష్. మీ ఇంట్లో పిల్ల ఏదైనా పెద్ద వస్తువు అడిగితే అందదు అనేముందు ఒకసారి టేపు తీసి కొలవండి. అందకపోతే గద్దీ కోయించండి. అందినా కూడా మీ మనసు ఒప్పుకోకపోతే, ఆ ఒప్పుకోని మాటేదో పిల్ల ముందే చెప్పండి. వాళ్ల దగ్గర జవాబు ఉండొచ్చు.

సఫర్‌లో ఉన్నవాళ్లందరినీ అల్లా సలామత్‌గా ఇంటికి చేర్చుగాక. ఆమీన్.